పుస్తకంలో ధ్రువుడు ఎక్కడున్నాడు?

చుక్కలు చూడటం మొదలుపెట్టేవాళ్లు ఏ పుస్తకాలు కొనాలి, ఏవి వద్దు అంటూ విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: బాగా పేరున్న ఇంగ్లిష్ పుస్తకం తెప్పించుకున్నాను. సప్తర్షి మండలం ఏడాది పొడవునా కనిపిస్తుందని అందులో ఉంది. నవంబరులో వారం రోజులు రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి వెతికాను, దొరకలేదు. వీధిలైట్ల వల్లా, నాకు చూడటం రాకా?
ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: రెండూ కాదు. నవంబరులో ఆ వేళకు సప్తర్షులు దిగంతం కింద ఉంటారు. మీ పుస్తకం అమెరికా, ఇంగ్లండు పాఠకుల కోసం రాసినది. అలాంటి పుస్తకాలు రాసేది సుమారు 40 నుంచి 52 డిగ్రీల ఉత్తర అక్షాంశాలకు, విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల దగ్గర. ఏ ఊరి నుంచి చూసినా ధ్రువ నక్షత్రం దాదాపు ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది. అందుకని మనకు ధ్రువుడి చుట్టూ 18 డిగ్రీల లోపు ఉన్న చుక్కలే అస్తమించకుండా తిరుగుతాయి. సప్తర్షుల్లో ధ్రువుడికి అన్నిటికంటే దగ్గరి చుక్క కూడా 28 డిగ్రీల దూరంలో ఉంది, తోక చివరిదైతే 41 డిగ్రీలు. లండన్‌లో మునగనిది ఇక్కడ మునుగుతుంది. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు చూడండి, వెతకనక్కర్లేకుండా కనిపిస్తుంది.

అలాంటి పుస్తకాలతో ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మనకు కనిపించే దక్షిణాకాశాన్ని అవి వదిలేస్తాయి. రాత్రి ఆకాశంలో వ్యాధుడి (సిరియస్) తర్వాత అంత ప్రకాశవంతమైన చుక్క అగస్త్యుడు (కానోపస్). ఇంగ్లండులో అతను అసలు ఉదయించడు. మనకు జనవరి నెలాఖరున రాత్రి పది గంటలకు సరిగ్గా దక్షిణాన 20 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు, కాబట్టి దిగంతానికి రెండు పిడికిళ్లు పైన అన్నమాట. ఏప్రిల్ 20 ప్రాంతంలో రాత్రి పదిన్నరకు సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు చుక్కల గుంపు దక్షిణాన నిటారుగా నిలబడుతుంది. పై చుక్క 15 డిగ్రీల ఎత్తున, కింది చుక్క 9 డిగ్రీల ఎత్తున ఉంటాయి. ఆర్కే బీచ్ నుంచి దక్షిణం సముద్రం మీదే పడుతుంది గనుక మేడలు అడ్డురావు. కానీ దిగంతం దగ్గర చెమ్మ, మసక ఎక్కువ, కింది చుక్క వెలవెలబోయి కనిపించవచ్చు.

కొనేముందు పుస్తకం ఏ అక్షాంశానికి రాశారో తేల్చుకోవడానికి ఒక స్కేలు చాలు. ఆకాశమంతా గుండ్రంగా చూపే పటం ఏదైనా తీసుకోండి. దాని కేంద్రం మన నడినెత్తి, అంచు దిగంతం. ఉత్తరపు అంచు నుంచి కేంద్రానికి ఎంత దూరమో కొలవండి, తర్వాత అంచు నుంచి ధ్రువుడికి ఎంతో కొలవండి. రెండోది మొదటిదానిలో ఐదో వంతు ఉంటే ఆ పటం మన ఊరికి నప్పుతుంది. సగం ఉంటే అది 45 డిగ్రీల వారిది. మూడో వంతు ఉంటే 30 డిగ్రీలు, ఢిల్లీ వాళ్లకు దగ్గర. దాంతో మనమూ సర్దుకోవచ్చు, దక్షిణాన ఒక పిడికిలి మేర మాత్రం పోతుంది. పటాలు నప్పకపోయినంత మాత్రాన పుస్తకం చెత్త అయిపోదు. వ్యాసభాగం ఎక్కడైనా పనికొస్తుంది.

ప్రశ్న: నక్షత్ర పటాల్లో తూర్పు ఎడమ చేతి వైపు ఉంది. అచ్చుతప్పా? తిప్పుకునే చక్రం కొంటే మేలా?
ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: తప్పేం కాదు. భూమి పటాన్ని పైనుంచి కిందికి చూస్తాం, ఆకాశ పటాన్ని కిందినుంచి పైకి చూస్తాం. పుస్తకాన్ని తలపైకి ఎత్తి, ఉత్తరం అంచును ఉత్తరానికి పెట్టి చూడండి, తూర్పు తూర్పులోనే ఉంటుంది.

చక్రం, అంటే తేదీని గంటతో కలిపి తిప్పితే ఆ వేళ కనిపించే ఆకాశాన్ని చూపే ప్లానిస్ఫియర్, తప్పక కొనండి. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేసినది అడగండి. 40 డిగ్రీలది చవకగా దొరికినా వద్దు. ఒకవైపే ముద్రించిన చక్రంలో దక్షిణపు చుక్కలు అడ్డంగా సాగిపోయి ఆకారాలు పోల్చుకోలేనట్టు అవుతాయి. మన అక్షాంశంలో దక్షిణాకాశం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ ఇబ్బందీ మనకే ఎక్కువ. ఉత్తరానికి ఒకవైపు, దక్షిణానికి రెండోవైపు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి.

చక్రం మీద గంటలు స్థానిక కాలంలో ఉంటాయి. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి, విశాఖ ఉన్నది 83.3 దగ్గర. తేడా మూడు నిమిషాలు, పట్టించుకోనక్కర్లేదు. అహ్మదాబాద్ వాళ్లయితే నలభై నిమిషాలు సవరించుకోవాలి! ఇక వేసవిలో ఒక గంట తీసేయమని విదేశీ పుస్తకాల్లో ఉండే సూచన వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాలకే, మనకు వర్తించదు.

ప్రశ్న: 10×50 బైనాక్యులర్లు ఉన్నాయి. టెలిస్కోపు కొనేలోగా చదవడానికి ఒక్క పుస్తకం చెప్పండి.
ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: ఒక్కటంటే కష్టం, ఎందుకంటే ఈ పుస్తకాలు మూడు రకాలు. కుర్చీలో కూర్చుని చదివేవి, డాబా మీద తెరిచి పెట్టుకునేవి, పటాలే ఉండే అట్లాసులు. మొదటి రకం కొని రెండో పని చేయించుకోబోతే నిరాశే మిగులుతుంది.

మీకు ముందు రెండో రకం కావాలి. టర్న్ లెఫ్ట్ ఎట్ ఓరియన్ అనే పుస్తకాన్ని చాలామంది సూచిస్తారు, మేమూ సూచిస్తాం. 1989లో మొదట వచ్చింది. అందులో ఒక్కో వస్తువునూ చిన్న టెలిస్కోపులో కంటికి ఎలా కనిపిస్తుందో అలాగే బొమ్మ గీసి చూపారు. ఇది చిన్న విషయం కాదు. హబుల్ ఫొటోలు నిండిన పుస్తకం చదివి బైనాక్యులర్లు ఎత్తినవాడికి ఆండ్రొమెడా గెలాక్సీ బూడిదరంగు మరకలా కనిపిస్తే మోసపోయినట్టే ఉంటుంది. మసక వెలుగులో మన కంట్లో రంగులు పట్టే కణాలు పనిచెయ్యవు, ఫొటో తీసే కెమెరా గంటల తరబడి వెలుగు పోగేస్తుంది. తేడా అంతా అక్కడుంది. పాత కాపీ కాకుండా నాలుగో ముద్రణో, ఆ తర్వాతదో తీసుకోండి. 

అట్లాసు విషయంలో తొందర వద్దు. పటంలో ఎంత మసక చుక్కల దాకా ఇచ్చారో మాగ్నిట్యూడ్ అంకె చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. ఊరి నడిబొడ్డున 3 లేదా 4 దాకా కనిపిస్తే గొప్ప. పోర్టు, స్టీల్‌ప్లాంటు వెలుగులు ఉన్న మీ వైపు ఇంకా తక్కువ. 5 దాకా ఉన్న పటాలతో మొదలుపెట్టండి. పాకెట్ స్కై అట్లాస్ 7.6 దాకా ముప్పై వేలకు పైగా చుక్కలు చూపిస్తుంది. బైనాక్యులర్లకు సరిగ్గా సరిపోయే అట్లాసే గానీ, పెద్ద చుక్కలు గుర్తుపట్టడం రాకముందు తెరిస్తే నువ్వులు ఒలకబోసినట్టుంటుంది.

ప్రశ్న: నా పుస్తకంలోని జులై పటంలో వృశ్చికం, ధనుస్సు, పాలపుంత అద్భుతమని రాశారు. జులైలో మాకు వానే కదా?
ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: పటం పేరు జులై అయినా అది ఒక్క జులైకే పరిమితం కాదు. ఒక నెల వెనక్కి వెళితే రెండు గంటలు కలపండి. జులై మధ్యలో రాత్రి పదింటి పటమే ఏప్రిల్ మధ్యలో తెల్లవారుజామున నాలుగింటికి సరిపోతుంది, మే మధ్యలో రెండింటికి. ముందుకు వెళితే రెండేసి గంటలు తగ్గించండి. పెన్సిలుతో ప్రతి పటం మూలన ఈ వేళలు రాసి పెట్టుకుంటే విదేశీ పుస్తకం సగం మనదైపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు నిర్మలంగా ఉండే రాత్రులు ఎక్కువ. అరకు వెళ్లేవారికి అప్పటి పటాలు చాలు, మిగతావి మోయనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. తెలుగులో ఏమైనా ఉన్నాయా?
ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: చదివించడానికి ఉన్నాయి, పటాలు తక్కువ. మహీధర నళినీమోహన్ రాసిన క్యాలెండర్ కథ ఆ వయసు పిల్లలకు పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివి వినిపించదగ్గది. ఇంగ్లిష్ కాస్త వస్తే నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన బిమన్ బసు జాయ్ ఆఫ్ స్టార్ వాచింగ్ ఇప్పించండి, అది మన దేశపు పాఠకుల కోసం రాసినది. షాపులో ఖగోళం అన్న అరలో జాతకాల పుస్తకాలు కూడా కలిసిపోయి ఉంటాయి. విషయసూచిక చూడకుండా కొనకండి.

పుస్తకం చేతికి వచ్చాక అంచుల్లో మన పేర్లు రాయించండి. అల్డెబరాన్ పక్కన రోహిణి, స్పైకా పక్కన చిత్త, రెగ్యులస్ పక్కన మఖ, ప్లేయడీస్ పక్కన కృత్తిక. కృత్తికలను పిల్లలకోడి అంటారని కూడా చెప్పండి, పాపకు ఆ పేరే గుర్తుంటుంది. గోడ క్యాలెండరులో రోహిణి అని ఉన్న రాత్రి చంద్రుడు రోహిణి చుక్కకు దగ్గరలోనే ఉంటాడు. పైన చెప్పిన నాలుగింటికీ ఈ చిట్కా పనిచేస్తుంది. స్వాతి, శ్రవణం విషయంలో మాత్రం పప్పులో కాలేస్తారు. ఆ చుక్కలు చంద్రుడి దారికి సుమారు 30 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాయి, అంటే మూడు పిడికిళ్ల దూరం.

ప్రశ్న: పాత పుస్తకాల షాపులో 1980ల నాటివి చవకగా వస్తున్నాయి. కొనవచ్చా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, ద్వారకానగర్

జవాబు: పటాలున్నవి కొనండి. నలభై ఏళ్లలో చుక్కలు కంటికి తెలిసేంత కదలవు. గ్రహాల స్థానాల పట్టికలు మాత్రం ఎప్పుడో చెల్లిపోయాయి, అవి ఏ ఏటికా ఏడు కొత్తవి కావాలి. చదివే పుస్తకాల్లో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహంగా ఉంటే అది 2006కు ముందుది. సూర్యుడి లాంటి చుక్క చుట్టూ గ్రహం ఉన్నట్టు తేలింది 1995లో. కాబట్టి 1980లో వచ్చిన కార్ల్ సేగన్ కాస్మోస్‌లో అలాంటి గ్రహాలు ఊహలే. అయినా దాన్ని వదలకండి, ఆ వచనం పాతబడలేదు.

వచ్చే శుక్ర సంక్రమణం, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం, 2004లో అని రాసిన పుస్తకమూ మీకు తగలొచ్చు. 2004దీ 2012దీ అయిపోయాయి, ఇక 2117 డిసెంబరులోనే. ఆ అధ్యాయాన్ని విశాఖవాసులు మరో కారణంతో చదవవచ్చు. 1874 డిసెంబరు 9 నాటి సంక్రమణాన్ని డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నర్సింగరావు పరిశీలించారు.

ప్రశ్న: ఈ-బుక్ చవక కదా, అచ్చుపుస్తకం ఎందుకు?
ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చదివేదైతే ఈ-బుక్కే నయం. డాబా మీదకు మాత్రం కాగితమే. చీకటికి కళ్లు అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్లటి తెర ఒక్కసారి వెలిగితే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం రెండు పొరలు చుట్టి వాడండి. షాపుకు వెళ్లేటప్పుడే అది జేబులో పెట్టుకుని, ఫోను లైటుకు అడ్డుపెట్టి పటం మీద వేసి చూడండి. ఎర్ర సిరాతో అచ్చేసిన గుర్తులు ఆ వెలుగులో కాగితంలో కలిసిపోతాయి. స్పైరల్ బైండింగ్ ఉంటే పుస్తకం బల్లపరుపుగా తెరుచుకుంటుంది. లేకపోతే రెండు పేజీల మీదుగా వేసిన పటంలో మధ్య చుక్కలు కుట్టులో దాక్కుంటాయి. తీరం దగ్గర అర్ధరాత్రి దాటితే అట్ట మీద మంచు చెమ్మ పడుతుంది. ఇంట్లోకి తెచ్చిన వెంటనే అరలో పెట్టకుండా ఫ్యాను కింద పేజీలు విప్పి ఆరనివ్వండి. నున్నటి ఆర్ట్ పేపరైతే మరీ జాగ్రత్త, తడిగా మూస్తే పేజీలు అంటుకుపోయి విడదీసేటప్పుడు పటమే ఊడొస్తుంది.