ఛెస్ట్ బ్రాంచ్ తీసుకోవాలా అని అడిగిన చెల్లెమ్మకు

ఎంబీబీఎస్ ఫైనలియర్‌లో ఉన్నానని, ఊపిరితిత్తుల డాక్టర్ కావాలని ఉందని రాశావు. ‘జీవితమంతా టీబీ పేషెంట్ల మధ్య ఎందుకమ్మా, రేడియాలజీ తీసుకో’ అని నాన్నగారు అంటున్నారట. కర్నూలులో ఛెస్ట్ డాక్టర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి నా అనుభవం చెప్తాను. ఇష్టముంటే తీసుకో.

నేను పీజీ మొదటి ఏడాదిలో ఉండగా తాడిపత్రి వైపు నుంచి ఒకతను వచ్చాడు. ముప్పై దాటి రెండేళ్లేమో. ‘నాలుగు మెట్లెక్కితే ఎగపోస్తాంది సార్’ అన్నాడు. ఎక్స్‌రేలో రెండు వైపులా పైభాగంలో మచ్చలున్నాయి. అప్పటికే బయట రెండుసార్లు టీబీ మందులు వాడాడు, గల్ల (కఫం) పరీక్షలో మాత్రం ఒక్కసారీ టీబీ తేలలేదు. నేనూ టీబీ అనే కేస్‌షీట్ రాశాను. రౌండ్స్‌లో మా సార్ అతని మంచం పక్కన నిలబడి ‘ఏం పని చేస్తావు నాయనా?’ అని అడిగారు. గ్రానైట్ పాలిష్ పని, పదకొండేళ్లుగా. అది సిలికోసిస్. అడగాల్సిన ఆ ఒక్క మాట నేను అడగలేదు.

రాతి దుమ్ములోని సిలికా వల్ల గట్టిపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. అలాంటివాళ్లకు టీబీ వచ్చే ముప్పు కూడా ఎక్కువ, కాబట్టి ఆ పరీక్షలు ఆపకూడదు. దుమ్ములో పని మానెయ్యమని చెప్పాం. ‘మానేస్తే పిల్లోళ్లకు ఏం పెట్టాల సార్?’ అన్నాడు. నేనేమీ చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఏ పేషెంట్ వచ్చినా ముందు పని గురించే అడుగుతున్నాను. ఆడవాళ్లనైతే పొయ్యి గురించి అడుగుతాను. బీడీ ముట్టని అవ్వలకు కూడా సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వదలని జబ్బు) వస్తుంది, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాల్చి ఉంటారు. మన సీమలో ఈ బ్రాంచ్ అంటే టీబీ ఒక్కటే కాదు.

నాన్నగారి భయం అర్థమవుతుంది, మా ఇంట్లోనూ అదే టెన్షన్. సరైన మందులు మొదలయ్యాక టీబీ అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. మామూలు టీబీకి 6 నెలల కోర్సు సరిపోతుంది. అసలు ప్రమాదం ఇంకా జబ్బు తేలని మనిషితోనే. ఆ మనిషి ఏ ఓపీకైనా వస్తాడు, రేడియాలజీ గదికీ వస్తాడు. మేమైతే ముందే అనుమానిస్తాం, ఎన్95 మాస్కు పెట్టుకుంటాం, కిటికీలు తెరిచి కూర్చుంటాం.

చదువు సంగతి నీకు తెలిసే ఉంటుంది: నీట్ పీజీ, ఆ తర్వాత 3 ఏళ్ల ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్. ఇంకా చదవాలనుకుంటే డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు మరో 3 ఏళ్లు. జనరల్ మెడిసిన్ చేసినవాళ్లు కూడా డీఎం పల్మనరీకి రావచ్చు, కాబట్టి ర్యాంకు చూసి బెంగపడొద్దు. బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టంతో ఊపిరి గొట్టాల లోపల చూడటం), ఐసీయూ పని చేతికి బాగా రావాలంటే మాత్రం సీటు తీసుకునే ముందు ఆ కాలేజీలో అవి నిజంగా ఎన్ని జరుగుతాయో అక్కడి పీజీలనే అడుగు.

ఇప్పుడైతే మీ కాలేజీ ఛెస్ట్ ఓపీలో ఒక వారం కూర్చో. కేస్‌షీట్‌లో వృత్తి అన్నచోట ‘కూలి’ అని రాసి ఉంటే, ఏం కూలి, ఎన్నేళ్లు, దుమ్ము ఎంత అని నువ్వే అడిగి రాయి.