నరకాన్ని గురించి బైబిలు స్టడీ నడపబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వైట్‌ఫీల్డ్‌లోని మీ గృహకూడికలో వచ్చే నెల నాలుగు శుక్రవారాలు నరకమూ అంత్యతీర్పూ అనే అంశాన్ని నీకు అప్పగించారని, ఏ పక్షాన నిలబడాలో తోచడం లేదని రాశావు. పక్షం సంగతి తరువాత, ముందు మాటల సంగతి చూసుకో. గుంటూరు లూథరన్లు, నెల్లూరు బాప్టిస్టులు, ఒక అడ్వెంటిస్టు కుటుంబం, ఒకరిద్దరు కథోలికులు ఒకే హాలులో కూర్చునే చోట, ఒకే తెలుగు మాటను తలా ఒక అర్థంతో పలకడం వల్లనే సగం గొడవ పుడుతుంది.

పాత నిబంధనలోని షియోలు, మంచివాడూ చెడ్డవాడూ చేరే మృతుల చోటు. లూకా 16లో ధనవంతుడు యాతనపడింది హేడిస్‌లో, అంటే మన బైబిలులోని పాతాళంలో. ప్రభువు నరకమని హెచ్చరించిన చోట కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఉన్నది గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు, యిర్మీయా కాలంలో పిల్లలను అగ్నికి బలి ఇచ్చిన చోటు. ప్రకటన 20లో మరణంతో పాటు హేడిస్ కూడా అగ్నిగుండంలో పడుతుంది కనుక, హేడిసూ ఆ అగ్నిగుండమూ ఒకటే అనుకుంటే ఆ వచనానికి అర్థమే మిగలదు. ఇక నరకమనే మాట మనకు పురాణాల నుండి వచ్చింది. అక్కడ పాపి శిక్ష అనుభవించి మళ్లీ జన్మ ఎత్తుతాడు. అందుకే మన బోధకులు దానికి ముందు ‘నిత్య’ అని చేర్చవలసి వచ్చింది. సలసల కాగే నూనె, యమభటులు మాత్రం వినేవారి మనసులో అలాగే ఉండిపోయారు.

గెహెన్నా ఎప్పుడూ మండుతుండే చెత్తకుప్ప అని మాత్రం చెప్పకు. నేనూ ఎన్నో ఏళ్లు గట్టిగా చెప్పినవాడినే. దానికి దొరికే తొలి లిఖిత ఆధారం సుమారు 1200 నాటి యూదు వ్యాఖ్యాత కిమ్హీది, అంటే ప్రభువు కాలానికి పన్నెండు వందల ఏళ్ల తరువాతిది.

ప్రతి పక్షాన్నీ దాని బలమైన వచనంతోనే పరిచయం చెయ్యి. నిత్యయాతన పక్షానికి మత్తయి 25:46 ఉంది: జీవమూ నిత్యమే, శిక్షా నిత్యమే, ఒకదానిని కుదిస్తే రెండవదీ కుదించాలని తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను వాదించాడు. పాపులు చివరకు నశిస్తారనేవారు మత్తయి 10:28లో ఆత్మనూ దేహాన్నీ నశింపజేయడం అన్న మాటను పట్టుకుంటారు. యూదా పత్రిక సొదొమ పట్టణం మీద పడిన అగ్నిని నిత్యాగ్ని అన్నా ఆ మంట నేడు లేదు, ఫలితమే నిత్యమైనదని వారంటారు. అడ్వెంటిస్టుల బోధ ఇదే. అయితే ఇది వారికే పరిమితమని ఎవరైనా తోసిపుచ్చితే, ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో ఈ వైపు మొగ్గు చూపి, అయినా దీనిని తాను తాత్కాలికంగానే పట్టుకున్నానని రాశాడని గుర్తుచెయ్యి. అందరూ చివరకు దేవునితో సమాధానపడతారనే మూడవ పక్షం 1 కొరింథీ 15:22ను, కొలస్సీ 1:20ను చూపిస్తుంది. ఈ ఆశను బోధించిన మూడవ శతాబ్దపు వేదాంతి ఒరిగెను పేరు మీద ప్రచారమైన బోధలను 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ సంఘ మహాసభ కాలంలో ఖండించారు కాని, అదే ఆశను రాసిన నాలుగవ శతాబ్దపు బిషప్పు నిస్సా గ్రెగొరీ నేటికీ పరిశుద్ధుడిగానే గౌరవం పొందుతున్నాడు. ఉత్తరించు స్థలం (పర్గేటరీ) మాట వస్తే, అది నరకంలో ఒక మెట్టు కాదని, రక్షణ పొందినవారి శుద్ధీకరణ అని కథోలికులనే చెప్పనివ్వు.

గ్రీకు దగ్గర చిక్కుపడితే మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో చదువుకుంటున్న కుర్రవాడిని ఎవరినైనా అడుగు. ఫోనులో చూసి ‘గ్రీకులో ఇలా ఉంది’ అనకు.

నా మనసు ఎటో అడిగావు. నేను పెరిగింది నిత్యయాతన బోధలో; ప్రకటన 14:11లో యుగయుగములు లేచే పొగను దాటిపోవడం ఇప్పటికీ నా వల్ల కాలేదు. మత్తయి 10:28ను కూడా ఇప్పుడు తేలికగా దాటలేకపోతున్నాను. ఇంతకు మించి చెబితే లేని నిశ్చయాన్ని నటించినట్టవుతుంది.

ఒక్క సంగతి మాత్రం నా తప్పు నుండి నేర్చుకో. చాలా ఏళ్ల క్రితం ఇక్కడే ఒక కూడికలో ఒక సోదరి, బాప్తిస్మం తీసుకోకుండా పోయిన అమ్మ ఇప్పుడెక్కడ ఉందని అడిగింది. నేను వెంటనే బైబిలు తెరిచి వచనం చదివాను. ఆమె తలవంచుకుని విన్నది, తరువాత రాలేదు. అడిగింది సిద్ధాంతం కాదని, ఆ నెలలోనే దహనసంస్కారాలు చూసి వచ్చిందని నాకు ఆలస్యంగా తెలిసింది. అందుకే నరకం మీద ప్రశ్న రాగానే, ‘ఎవరిని తలుచుకుని అడుగుతున్నారు?’ అని మెల్లగా కనుక్కో. పేరు చెబితే ఆ రోజుకు పాఠం ఆపి, ఆ మనిషిని గురించి చెప్పించుకో. తీర్పు తీర్చేవాడు నీవు కాదు గనుక జవాబు బాకీ పడ్డానని అనుకోవద్దు.

మొదటి శుక్రవారం నేనూ వస్తాను. వెనక కూర్చుంటాను, నన్ను మాట్లాడమని మాత్రం అడగకు.

నీ మేనమామ