కిక్‌కు చోటు వదలండి

ప్రశ్న: కంప్యూటర్‌లో 124 టెంపోలో (నిమిషానికి 124 బీట్లు) హౌస్ అనే డ్యాన్స్ సంగీతం కూర్చుతున్నాను. కిక్ డ్రమ్, బేస్ కలిస్తే శబ్దం ముద్దగా వినిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు పియానో రోల్ (స్వరాలను గడుల్లో చూపే తెర) తెరిచి, బేస్ స్వరాలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. 1980లలో షికాగోలో రూపుదిద్దుకున్న ఈ సంగీతంలో ప్రతి బీట్‌కూ కిక్ మోగుతుంది కనుక, పదహారు గడుల బార్‌లో (నాలుగు బీట్ల వరుసలో) 1, 5, 9, 13 గడులను దానికే వదిలి, బేస్‌ను 3, 7, 11, 15 గడుల్లో ఉంచితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది స్వరం నిడివి. మీ టెంపోలో 3వ గడి నుంచి 5వ గడికి దాదాపు 242 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. స్వరాన్ని 180 మిల్లీసెకన్ల దగ్గరే ఆపితే మిగిలే ఆ చిన్న నిశ్శబ్దంలోంచే ఊపు పుడుతుంది. అప్పటికీ ముద్దగా ఉంటేనే, కిక్ మోగినప్పుడల్లా బేస్‌ను తగ్గించే సైడ్‌చైన్ కంప్రెసర్ వాడండి.