సెబూలో ఆదివారం రూములో కూర్చోకు తమ్ముడూ

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరం గురించి నువ్వు రాసి అడిగినవి రెండే ముక్కలు: క్రైస్తవులు కాని మనవాళ్లు శాంటో నీన్యో (బాలయేసు) చర్చికి వెళ్లొచ్చా, అక్కడ బండ్ల మీద తినొచ్చా అని. రెండూ చెయ్యొచ్చు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలేసుకో. మిగతా నియమాలు అక్కడే తెలుస్తాయి. నా బెంగంతా నువ్వు చివర్లో రాసిన మాట మీదే. ఆదివారాలు రూములోనే పడుంటున్నానన్నావు చూడు, అది.

నేనూ సెబూలో అలాగే వెళ్లదీశాను. కాలేజీ, రూము, కుక్కరు, ఆవకాయ. ఎటెళ్లినా తెలుగు గుంపుతోనే. సెలవులకి ఆ గుంపు ఊళ్లకి పోయేసరికి పలకరించే దిక్కు లేదు. అలాంటి ఓ ఆదివారం ఊరికే చర్చిలో దూరి వెనక బల్ల మీద కూర్చున్నా. జనం లేచి వరస కడుతుంటే ప్రసాదం కాబోలనుకుని నేనూ వెళ్లి నిలబడ్డా! పక్కనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని, బాప్తిస్మం తీసుకున్నావా అని అడిగి, లేదనగానే వెనక్కి తెచ్చి కూర్చోబెట్టింది. కోప్పడలేదు. "ఎవరితో వచ్చావు?" అంది. ఒక్కడినే అంటే ఆవిడ మొహం చూడాల్సింది. ఇక్కడివాళ్లకి మనిషి ఒంటరిగా తిరగడం మింగుడుపడదు. నువ్వు మాత్రం వరసలోకి వెళ్లకు, అక్కడిచ్చే పవిత్ర రొట్టె వాళ్లలో బాప్తిస్మం పొందినవాళ్లకే.

పూజ అయ్యాక బాలయేసు విగ్రహం దగ్గర క్యూలో ఆవిడే కథంతా చెప్పింది. 1521లో స్పెయిన్ తరఫున ఓడల్లో వచ్చిన మాగెల్లాన్ దాన్ని ఇక్కడి రాణికిచ్చాడట, 1565లో స్పెయిన్ సైనికులకి కాలిన ఇంట్లో దొరికిందట. 2013 భూకంపంలో గంటల గోపురం కూలిన రోజు గురించి ఇంకాసేపు చెప్పింది. మీ తరం ఇదంతా ఫోన్లో చదివేసుకుంటారు, పక్కవాళ్లని అడగరు. బయట కొవ్వొత్తులమ్మే ఆడవాళ్లు మన పేరడిగి, కొవ్వొత్తులు పట్టుకుని అటూ ఇటూ అడుగులేస్తూ మనకోసం మొక్కుతారు. డబ్బు తీసుకుంటారులే. అయినా ఈ వారమంతా నీ పేరు పెట్టి పిలిచినవాళ్లెవరు?

తిండికి పుంగ్కో-పుంగ్కో దుకాణానికి వెళ్లు. పొట్టి బెంచీలు, మధ్యలో వేపుళ్ల డబ్బా, కొబ్బరాకు పొట్లంలో ఉడికిన అన్నం (పూసో అంటారు), మిరపకాయలేసిన వెనిగర్. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తింటారు, మనకి నవ్వొస్తుంది. ఏమేం తిన్నావో చివర్లో నువ్వే చెప్పి డబ్బులిస్తావు. పంది పేగుల వేపుడు కూడా అందులోనే ఉంటుంది, ముందే అడుగు. మాంసం వద్దంటే పంచదార పాకం పట్టిన పుల్లకి గుచ్చిన అరటికాయలు (బనానా క్యూ అంటారు) దొరుకుతాయి. ఫిష్ బాల్ బండి దగ్గర సాస్ అందరిదీ. కొరికింది మళ్లీ ముంచితే అక్కడా ఎంగిలే. పిల్ల కట్టిన బాతుగుడ్డు, బలూత్, ధైర్యం చూపించుకోడానికి మొదటి వారమే తినక్కర్లేదు. పార్శిల్ మాత్రం కట్టించుకోకు. మనవాళ్లంతా చేసేది అదే: కట్టించుకుని రూముకి పోయి ఫోను చూస్తూ తినడం.

జనవరి మూడో ఆదివారం ఆ బాలయేసు పేరిట సినులోగ్ పండగ. ఆ జనంలోకి ఒక్కడివే వెళ్లకు. మీ ఓనరమ్మని అడుగు, పిల్లలతో పాటు నిన్నూ తీసుకెళ్తుంది. ఫోను ముందు జేబులో పెట్టుకో.