పద్నాలుగేళ్ళ పిల్లాడు, సబ్‌మెరైన్ మ్యూజియం, నా లెక్చరు

మీ అబ్బాయికి 14 ఏళ్ళు, సెలవుల్లో వైజాగ్ వెళ్తున్నారు. అక్కడి యుద్ధ స్మారకాలూ సబ్‌మెరైన్ మ్యూజియమూ చూపిస్తే వాడికి ఎక్కుతుందా, బోర్ అంటాడా అని మీరు అడిగారు. మాది తిరుపతి. మొన్న వేసవిలో నేనూ ఇదే పని చేశాను కాబట్టి చెప్తున్నా. ఎక్కుతుంది. కాకపోతే మనం అనుకున్నది కాదు, ఇంకేదో ఎక్కుతుంది. అందుకు మనం కాస్త నోరు కట్టేసుకోవాలి. నాకు ఆ సంగతి తెలిసొచ్చేసరికి సగం టూరు అయిపోయింది.

రాత్రంతా రైల్లో వెళ్ళి సోమవారం దిగాం. సాయంత్రం తయారై బీచ్ రోడ్డుకి పోతే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం గేటు మూసి ఉంది. సోమవారం సెలవట. "ఫోన్లో చూసుంటే ఒక్క నిమిషంలో తెలిసేది కదా నాన్నా" అన్నాడు మావాడు. ఆ ఫోన్‌ను రైల్లో లాక్కుని బ్యాగు అడుగున పెట్టింది నేనే. మాట్లాడకుండా తీసి ఇచ్చేశా.

సరే, వచ్చాం కదా అని ఆ బీచ్ రోడ్డులోనే ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గరికి వెళ్ళాం. పాకిస్తాన్‌తో 1971లో జరిగిన యుద్ధంలో మన తూర్పు నౌకాదళం చేసిన పనికి గుర్తుగా 1996లో కట్టారు. ఇక నేను మొదలుపెట్టాను. దేశ విభజన దగ్గర్నుంచి ఎత్తుకుని, తూర్పు పాకిస్తాన్, శరణార్థులు, ఇందిరాగాంధీ... ఢాకా దాకా కూడా రాలేదు, పక్కకి చూస్తే వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కోపం వచ్చింది. నిజానికి నా చిన్నప్పుడు మా నాయన ఇట్లా చెప్పుంటే నేనూ వినేవాణ్ణి కాదు.

మర్నాడు మా ఆవిడ గట్టిగా చెప్పింది, "నువ్వు గైడువి కాదు, టికెట్ తీసుకుని వెనకాల నడువు" అని. అదే చేశా.

ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన జలాంతర్గామి. 31 ఏళ్ళు పనిచేసి 2001లో విరమించింది, 2002 నుంచి ఆ ఒడ్డునే మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది, లోపలికి వెళ్తే ఇంత ఇరుకా అనిపిస్తుంది. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి దూరాలి. ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల చివర్లో తేవాలి. మావాడు ఈ ఏడాదే తాడిచెట్టులా ఎదిగాడు, తల ముందు పెట్టి ఠంగుమని కొట్టుకున్నాడు. అక్కడ వివరంగా చెప్తున్న పెద్దాయన నవ్వి, "నేవీలో కూడా కొత్తవాళ్ళకి మొదటి పాఠం ఇదే బాబూ" అన్నారు. అంతే, మావాడు ఆయన్ని వదల్లేదు.

వాడు అడిగినవి ఏంటో తెలుసా? ఇందులో సుమారు 75 మంది ఉండేవారంటే, స్నానం ఎక్కడ? (మంచినీళ్ళు లెక్కపెట్టి వాడుకోవాలి, స్నానం సంగతి మర్చిపో అన్నారాయన.) ఎక్కడ పడుకుంటారు? టార్పీడోల గదిలో, వాటి పక్కనే బెర్తులు. నీళ్ళ కింద ఎన్ని రోజులైనా ఉండొచ్చా? ఇక్కడ ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఇది డీజిల్ ఇంజన్ల బండి, నీళ్ళ కింద మాత్రం బ్యాటరీల మీద నడుస్తుంది. ఛార్జింగ్ అయిపోతే ఇంజన్లు వేయాలి, ఇంజన్లకి గాలి కావాలి, గాలి కోసం పైకి రాక తప్పదు. శత్రువుకి దొరికేది అప్పుడే. "నీ ఫోన్లో రెండు శాతం ఉండి, ఛార్జర్ మీ హెడ్‌మాస్టర్ గదిలో ఉంటే ఎట్లా ఉంటుంది?" అన్నారు. నా గంట లెక్చర్ చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

తర్వాత వాడు, "1971లో ఇది ఎన్ని ఓడల్ని ముంచింది?" అని అడిగాడు. ఒక్కటీ లేదు. అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి వచ్చింది. వాడి ముఖం చిన్నబోయింది. తుపాకుల గేములు ఆడేవాడికి అది లెక్కలోకి రాదు మరి. నేనేదో సర్దిచెప్పబోయి ఆగిపోయాను. ఆ పెద్దాయన కూడా ఏమీ అనలేదు. వాడు మళ్ళీ ఒకసారి ఆ బెర్తుల వైపు వెళ్ళి చూసి వచ్చాడు.

ఘాజీ కథ మాత్రం ముందే చదివి వెళ్ళండి, తప్పకుండా అడుగుతారు. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఈ విశాఖ తీరంలోనే మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయి ఉంది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ళ లోపల పేలే బాంబుల) వల్లే మునిగిందని మనవాళ్ళ మాట, ప్రమాదవశాత్తూ పేలిపోయిందని పాకిస్తాన్ మాట. ఈ రెండో మాట మావాడే ఫోన్లో వెతికి నాకు చూపించాడు. "అదంతా అబద్ధం" అని కొట్టిపారేయబోయా. "నీకెట్లా తెలుసు నాన్నా?" అన్నాడు. నిజమే, నాకెట్లా తెలుసు? ఇద్దరం బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ అరగంట వాదించుకున్నాం. వాడు నాతో ఒక విషయం మీద అంతసేపు మాట్లాడి ఏడాది దాటింది. మధ్యలో, "అందులో 90 మందికి పైగా ఉన్నారట, ఇంకా అక్కడే ఉన్నారా?" అని సముద్రం వైపు చూపించాడు. ఆ శిథిలం ఇప్పటికీ అడుగునే ఉంది. అదే చెప్పాను, ఇంకేమీ కలపలేదు.

కురుసురకి రోడ్డుకి అవతల మ్యూజియంగా పెట్టిన టీయూ-142 అనే నౌకాదళ నిఘా విమానం దగ్గర మాత్రం నాకే ఒళ్ళు తెలియలేదు. ఒక్కో ఇంజన్‌కి ఎదురెదురు తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి దానికి. 2017లో విరమించే దాకా అది ఉన్నది మన పక్కనే, అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళిలో. మా అవ్వావాళ్ళది నగరి దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆకాశంలో పెద్ద రొద వినిపించేది, మేం మిద్దె మీదికి పరిగెత్తేవాళ్ళం. ఇదే ఆ రొద అయ్యుంటుందని చెప్తే మావాడు శ్రద్ధగా విన్నాడు. ఇదీ లెక్చరే, కాకపోతే అడిగి చెప్పించుకున్నాడు.

మూడూ ఒకే రోజు పెట్టుకోకండి, రెండు చాలు. ముందు కడుపు నింపి తీసుకెళ్ళండి, ఆకలి మీద ఉన్న పిల్లాడికి ఏ వీరగాథా ఎక్కదు. ఇరుకు చోటు పడనివాళ్ళు ఉంటే కురుసుర లోపలికి బలవంతం చేయొద్దు.

ఇంటికొచ్చాక ఒక సిగ్గుపడే సంగతి. 1971 యుద్ధంలో చూపిన ధైర్యానికి మహావీర చక్ర పతకం పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారు మన తిరుపతి ఆయనే. ఆయన్ని గౌరవించడానికి 2021 ఫిబ్రవరిలో, ఆ యుద్ధ విజయానికి యాభై ఏళ్ళ గుర్తుగా ఊరూరా తిప్పిన స్వర్ణిమ విజయ జ్యోతి మన ఊరికి వచ్చింది కూడా. ఇది మావాడు వెతికి చెప్తే గుర్తొచ్చింది. ఆ రోజు నేను ట్రాఫిక్ గురించి విసుక్కుంటూ షాపుకి వెళ్ళిపోయాను, వాణ్ణి తీసుకెళ్ళి చూపించాలని తట్టనే లేదు.

నాది ఫోటో ఫ్రేములు కట్టే షాపు. సెలవుల్లో మావాడు కౌంటర్‌లో కూర్చుంటాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే కొలత రాసుకుంటాడు. వైజాగ్ నుంచి వచ్చిన పది రోజులకి పలమనేరు వైపు నుంచి ఒక పెద్దావిడ కొడుకు ఫోటో తెచ్చింది, యూనిఫాంలో ఉన్నది, మూలలు నలిగిపోయి. వీడు స్టూలు జరిపి, "ఎక్కడ పనిచేశాడవ్వా?" అని అడిగాడు. ఆమె కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ పూట ఇంకో రెండు ఫ్రేములు కట్టాల్సినవి అట్లాగే ఉండిపోయాయి.