రిజర్వాయర్ నీళ్లు దించేస్తే పక్క కొండకి ప్రమాదం తప్పినట్టేనా?

కొడగు వైపు రిజర్వాయర్‌కి ఎదురుగా వాలు మీద ప్లాట్ చూశారు, వేసవిలో నీళ్లు ఎలాగూ దిగిపోతాయి కాబట్టి కొండ జారదని బ్రోకర్ చెప్పాడు, అదీ మీ ప్రశ్న. ఆ మాట నమ్మకండి.

నేను బెంగళూరులో ఒక జియోటెక్నికల్ కన్సల్టెన్సీలో (నేల, కొండల పట్టుని పరీక్షించే సంస్థ) చేస్తాను, హిమాలయాల్లోని ఓ రిజర్వాయర్ వాలులో పెట్టిన పరికరాల రీడింగులు మాకొస్తాయి. నీళ్లు నిండుతున్నప్పుడు వాలు కాస్త కదిలేది, అంతే. ఒకసారి గేట్లెత్తి మట్టం గబగబా దించారు. కొండ లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పిజోమీటర్లేమో ఇంకా పాత మట్టం దగ్గరే ఉన్నాయి, కదలిక గ్రాఫ్ మాత్రం పైకి లేచింది! దించే వేగం తగ్గించమని ఫోన్ల మీద ఫోన్లు, ఆఫీసంతా టెన్షన్. తగ్గించాక నెమ్మదించింది.

ఎందుకంటే నీళ్లు నిండినప్పుడు కొండ పగుళ్లలోకి, బంకమట్టి పొరల్లోకి ఎక్కి పట్టు సడలిస్తాయి, కానీ బయట నిలిచిన నీళ్లే వాలుని ఒత్తిపట్టి కొంత ఆసరా కూడా ఇస్తాయి. మట్టం ఒక్కసారిగా దిగితే ఆ ఆసరా పోతుంది, బంకమట్టిలో ఇరుక్కున్న నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాదు, లోపల్నుంచి తోస్తూనే ఉంటుంది.

ఇటలీలోని వాయోంట్ డ్యామ్ చూడండి. 1960లో నీళ్లు నింపుతుంటే పక్కనున్న టోక్ కొండ మీద దాదాపు 2 కిలోమీటర్ల పగులు పడింది. మట్టం దించితే కదలిక తగ్గింది, దాంతో కొండ తాళం మన చేతిలోనే ఉందనుకున్నారు పెద్ద పెద్ద ఇంజనీర్లు. 1963 అక్టోబర్ 9 రాత్రి, అదీ నీళ్లు దించుతూ ఉండగానే, సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ ఒక్క నిమిషంలోపే జలాశయంలోకి జారింది. డ్యామ్ నిలబడింది, దాని మీద నుంచి దూకిన నీళ్లకి కింద దాదాపు 2 వేల మంది పోయారు. సున్నపురాయి మధ్య ఉన్న పలచని బంకమట్టి పొరల మీదే అంత కొండా జారింది.

నింపేటప్పుడూ భయమే. చైనా త్రీ గోర్జెస్ డ్యామ్‌లో 2003 జూన్‌లో మట్టం 135 మీటర్లకి పెంచితే, జులైలో ఉపనది పక్కన ఒక వాలు కూలింది. దానికి వానలు కూడా తోడయ్యాయి లెండి. 2018లో కొడగులో కొండచరియలు విరిగిపడటం వేరు, అక్కడ విపరీతమైన వాన, రోడ్లకీ ఇళ్లకీ వాలుని కోసేయడం.

ప్లాట్ పై భాగానికి ఎక్కి చూడండి. విల్లులా వంగిన పగులు, ఒకే వైపు ఒరిగిన చెట్లు, కొత్తగా పుట్టిన ఊటలు ఏమైనా ఉన్నాయా? పగులు కనిపిస్తే దానికి అటొకటి ఇటొకటి మేకులు కొట్టి మధ్య దూరం కొలిపించండి, అది పెరుగుతుంటే అడ్వాన్స్ ఇవ్వకండి.