పాఠకుల ప్రశ్నలు: వస్తువును చూసే మెదడు, సంబంధాన్ని చూసే మెదడు

ప్రశ్న: మా కళాశాలలో జరిగిన ఒక శిక్షణ తరగతిలో, ఎడమ మెదడు వస్తువులను విడివిడిగా గుర్తిస్తుందని, వాటి మధ్య సంబంధాలను కుడి మెదడే గ్రహిస్తుందని చెప్పారు. అలిపిరిలో నిలబడితే గోపురం కనిపిస్తుంది, దాని వెనుక కొండ కనిపిస్తుంది. కానీ ‘వెనుక’ అనేది కంటికి కనిపించే వస్తువు కాదు కదా! దాన్ని నిజంగా కుడి మెదడే పట్టుకుంటుందా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: మీ సందేహం సరైనదే. వస్తువును గుర్తించే పనినీ, అది ఎక్కడ, దేనికి ఎటువైపు ఉందో తెలుసుకునే పనినీ మెదడు వేరుచేస్తుందన్న మాట నిజమే కానీ, ఆ విభజన ప్రధానంగా కుడి ఎడమల మధ్య కాదు, కింది దారికీ పై దారికీ మధ్య జరుగుతుంది. కంటి నుంచి వచ్చిన సమాచారం తల వెనుక భాగంలోని దృష్టి కేంద్రానికి చేరాక, అక్కడి నుంచి ఒక పాయ చెవుల వైపునున్న టెంపోరల్ భాగానికి, మరో పాయ నడినెత్తి వైపునున్న పెరైటల్ భాగానికి సాగుతాయని 1982లో లెస్లీ అంగర్‌లైడర్, మార్టిమర్ మిష్కిన్ వివరించారు. కింది దారి దెబ్బతిన్న కోతులు ఒక వస్తువుకూ మరో వస్తువుకూ తేడా పట్టలేకపోయాయి. పై దారి దెబ్బతిన్న కోతులు ఆ తేడాను పట్టగలిగాయి గానీ, మూతపెట్టిన రెండు గుంతల్లో ఏది గుర్తుగా నిలిపిన వస్తువుకు దగ్గరగా ఉందో చూసి మేత తీసుకోవడంలో తడబడ్డాయి. ఈ రెండు దారులూ రెండు అర్ధగోళాల్లోనూ, అంటే మెదడు కుడి ఎడమ సగాలు రెండింటిలోనూ, ఉన్నాయన్నది మీ శిక్షకులు వదిలేసిన ముఖ్య విషయం.

మనుషుల్లో దీనికి గట్టి సాక్ష్యం, 1909లో హంగేరీ వైద్యుడు రెజో బాలింట్ వర్ణించిన రోగలక్షణం. పెరైటల్ భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఇలాంటి రోగికి ఒకసారికి ఒకే వస్తువు కనిపిస్తుంది. అతన్ని అలిపిరికి తీసుకువస్తే గోపురాన్ని గోపురమనే గుర్తిస్తాడు, కాసేపటికి కొండను కొండ అంటాడు, కానీ ఏది దేనికి వెనుక ఉందంటే చెప్పలేడు. ఈ లక్షణం పూర్తిగా బయటపడాలంటే సాధారణంగా రెండు పక్కలా గాయం ఉండాలి. సంబంధాలన్నీ కుడి మెదడు సొత్తే అయితే కుడివైపు గాయం ఒక్కటే చాలి ఉండేది.

అలాగని అర్ధగోళాల మధ్య తేడా లేదని కాదు. సంబంధాల్లోనే రెండు రకాలున్నాయని 1987లో స్టీఫెన్ కాస్లిన్ ప్రతిపాదించారు. ‘గోపురం కొండకు ముందుంది’ వంటి మాటకు ఎడమ అర్ధగోళం, ‘గోపురానికీ మెట్ల మొదలుకూ ఎంత దూరం’ వంటి కొలతకు కుడి అర్ధగోళం కొంత అనువైనవని ఆయన వాదన. ప్రయోగాల్లో ఈ తేడా కనిపించినా అది చిన్నది. ఇక శిక్షకుల మాటకు మూలం బహుశా 1986లో డెలిస్, రాబర్ట్‌సన్, ఎఫ్రాన్ చేసిన పరిశీలన వంటిది కావచ్చు. చిన్న అక్షరాలతో పేర్చిన ఒక పెద్ద అక్షరాన్ని చూపి, తరువాత గుర్తుతెచ్చుకుని గీయమంటే, కుడివైపు గాయమైనవారు చిన్న అక్షరాలను చెల్లాచెదురుగా వేశారు, ఎడమవైపు గాయమైనవారు పెద్ద ఆకారం గీసి చిన్నవాటిని వదిలేశారు. అయితే ఇది భాగానికీ మొత్తానికీ సంబంధించిన తేడా. ఆ పెద్ద అక్షరం కూడా ఒక వస్తువే కదా. పైగా ఆరోగ్యవంతుల్లో సుమారు 20 కోట్ల నాడీతంతువులున్న కార్పస్ కలోసం రెండు అర్ధగోళాలనూ కలిపే ఉంచుతుంది. ఒక సగాన్ని మాత్రమే మేల్కొలుపుతామనే తరగతులకు రుసుము కట్టేముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

ప్రశ్న: ఒక్కో వస్తువుకు ఒక్కో న్యూరాన్ ఉంటుందని చదివాను. ‘పైన’, ‘పక్కన’ వంటి సంబంధాలకూ అలాంటివి ఉంటాయా?
– ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల్లో, ఒక ప్రసిద్ధ వ్యక్తి ఫొటోలు ఎన్ని భంగిమల్లో చూపినా స్పందించే న్యూరాన్లను క్విరోగా బృందం 2005లో ప్రకటించింది. ఒక మనిషికి ఒకటే న్యూరాన్ అని దాని అర్థం కాదు. ఒక్కో భావనకు చాలా కణాలు స్పందిస్తాయి, ఒక్కో కణం ఒకటికి మించిన వాటికీ స్పందించవచ్చు.

సంబంధాల విషయం నాకు ఇంతకన్నా ఆసక్తికరంగా తోస్తుంది. నలుపు తెలుపులు కలిసేచోట ఉన్న ఒక అంచును తీసుకోండి. ఆ అంచు ఎడమవైపు ఆకారానిదా, కుడివైపు ఆకారానిదా అన్నదాన్ని బట్టి తమ స్పందనను మార్చుకునే న్యూరాన్లను కోతుల దృష్టి కేంద్రాల్లో ఫాన్ డెర్ హైట్ బృందం 2000లో చూపింది. ఆ కణం తాను చూసే చిన్న జాగాలో రెండు సందర్భాల్లోనూ ఒకటే అంచు ఉంటుంది, చుట్టూ ఉన్నది మాత్రమే మారుతుంది. అంటే వస్తువును పూర్తిగా గుర్తించిన తరువాతే సంబంధం మొదలవుతుందనుకోవడం పొరపాటు, వస్తువు ఏర్పడేదే సంబంధాల లెక్కతో. నార్వేలో మోజర్ దంపతులు స్థాపించిన పరిశోధనశాల నుంచి 2019లో మరో ఫలితం వచ్చింది. చుంచెలుక ఏదైనా వస్తువుకు ఫలానా దిక్కున, ఫలానా దూరంలో ఉన్నప్పుడే స్పందించే న్యూరాన్లు దాని మెదడులో స్థలజ్ఞానానికి తోడ్పడే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో కనిపించాయి. ఆ వస్తువు ఏదన్న పట్టింపు ఆ కణాలకు లేదు. మీరడిగిన ‘పక్కన’కు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ప్రశ్న: పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా పెదనాన్నగారు పళ్లెంలో ఎడమ పక్కనున్న కూరను ముట్టుకోవడం లేదు. చూపు బాగానే ఉందని కంటి వైద్యులు అన్నారు. ఇదేమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి, మెదడు కుడివైపు, ముఖ్యంగా పెరైటల్ ప్రాంతం దెబ్బతిన్నవారిలో ఎక్కువగా కనిపించే ఎడమవైపు నిర్లక్ష్యం అనే స్థితి కావచ్చు. ఇక్కడ మాత్రం కుడి ఎడమల తేడా నిజంగానే పెద్దది. 1978లో బిసియాక్, లుజాట్టి ఇలాంటి ఇద్దరు రోగులను మిలాన్ నగరంలోని పెద్ద చర్చి కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించుకున్నప్పుడు ఎడమవైపు భవనాలను వదిలేసినవారే, చర్చి మెట్ల మీద నుంచి చూస్తున్నట్టు ఊహించుకోమనగానే ఆ భవనాల పేర్లు చెప్పి, ఈసారి అవతలి వైపువి వదిలేశారు. వస్తువుల జ్ఞాపకం పోలేదు, తమకు ఏవి ఎడమ అవుతున్నాయో వాటినే వారు అందుకోలేకపోయారు. న్యూరాలజిస్టుకు తప్పక చూపించండి. చాలామందిలో మొదటి వారాల్లో, నెలల్లో ఇది తగ్గుతుంది. పళ్లెం ఎడమ అంచున ఎర్రని పట్టీ అంటించి, ముందు అది కనిపించేదాకా తల తిప్పమని ప్రతి భోజనానికీ గుర్తుచేయండి. వేడి పాల గ్లాసు వంటివి మాత్రం ఆయన ఎడమ పక్కన పెట్టకండి.